గేటు ముందు గడిచే గంటలు ఎవరి ఖాతాలోవి?

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ



విమాన పైలట్లకు ఉన్నట్టే వాణిజ్య వాహనాల డ్రైవర్లకూ రోజుకు ఇన్ని గంటలే నడపాలన్న పరిమితి ఉండాలనీ, నిద్రమత్తును పసిగట్టే పరికరాలను లారీల్లో అమర్చాలనీ శాఖ మంత్రి 2021 సెప్టెంబరులో సూచించారు. శాఖ స్వయంగా ప్రకటించిన లెక్కల ప్రకారమే 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి, 1,68,491 మంది చనిపోయారు కనుక ఆ సూచన వెనుక ఉన్న ఆందోళనను ఎవరూ కాదనలేరు. అయితే స్టీరింగు ముందు గడిచిన గంటలను మాత్రమే లెక్కపెట్టి, ఫ్యాక్టరీ గేటు బయట, రైసుమిల్లు ముందు, రేవు ప్రాంగణం దగ్గర లోడింగు కోసమో అన్‌లోడింగు కోసమో డ్రైవరు పడిగాపులు కాసిన గంటలను వదిలేస్తే, ఎంత కఠినమైన పరిమితి అయినా డ్రైవరు ఆదాయాన్ని కోస్తుందే తప్ప అతనికి నిద్ర సమకూర్చలేదు. ఈ లేఖ ఆ వదిలేసిన గంటల గురించి.

పని గంటల పరిమితి ఈ దేశానికి కొత్త కాదన్న సంగతిని ముందుగా గుర్తుచేయవలసి ఉన్నది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. దూరప్రయాణాల విషయంలో అనుమతితో రోజుకు 10 గంటల దాకా, వారానికి 54 గంటల దాకా పొడిగించే వీలు కల్పించింది. ఏకబిగిన 5 గంటలకు మించి పనిచేయించరాదనీ, ఆపైన కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ చెప్పింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తన 91వ సెక్షను ద్వారా ఈ పరిమితినే రవాణా వాహనాల డ్రైవర్లకు వర్తింపజేసింది. అంటే తాతల కాలం నుంచీ నియమం ఉన్నది, దాన్ని కొలిచే సాధనం మాత్రం లేదు. పైగా 1961 చట్టం ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న రవాణా సంస్థలకే వర్తించేది. దాన్ని తనలో కలుపుకొని 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. ఒకటి రెండు బండ్లు ఫైనాన్సులో కొని, ఒకదాన్ని తానే నడుపుకొనే యజమానులతో నిండిన రంగంలో పదిమంది కార్మికులన్న గీత గీస్తే, ఆ గీతకు బయట మిగిలేవారు ఎందరో శాఖకు ఒకరు చెప్పనక్కరలేదు.

అంతకంటె పెద్ద చిక్కు పని గంటల నిర్వచనంలోనే దాగి ఉన్నది. 1961 చట్టం నిర్వచనం ఉదారంగానే మొదలైంది: కార్మికుడు యజమాని అధీనంలో గానీ, అతని సేవలను కోరే హక్కు ఉన్న మరొకరి అధీనంలో గానీ ఉన్న కాలమంతా పని గంటలేనని చెప్పింది. ఆ వెంటనే ఆ కాలంలో ఏమేమి చేరుతాయో వివరిస్తూ బండి నడిచిన సమయాన్నీ, అనుబంధ పనుల సమయాన్నీ చేర్చి, మూడవదిగా వట్టి హాజరు అనదగిన ఒక వర్గాన్ని పేర్కొన్నది. వట్టి హాజరు అంటే పిలుపు వస్తే కదలడానికి, లేదా చెప్పిన వేళకు పని మొదలుపెట్టడానికి సిద్ధంగా తన చోట ఉండిపోవడం. టెర్మినళ్ల దగ్గర ఈ వట్టి హాజరు 15 నిమిషాలకు లోపు ఉంటే అది పని గంటల్లో చేరుతుందని చట్టం అన్నది. ఈ 15 నిమిషాల మాట కొత్త కోడ్‌లోకి కూడా యథాతథంగా వచ్చి చేరింది. లోడు ఎత్తడం, దించడం అనుబంధ పని కింద లెక్కకు వస్తాయి. లోడు ఎత్తే హమాలీ కోసం, దించే చోటు కోసం 15 నిమిషాలు దాటి చూసిన ఎదురుచూపు మాత్రం లెక్కకు వస్తుందని ఎక్కడా రాసి లేదు. పది నిమిషాలు ఆగితే పని, పది గంటలు ఆగితే ఏమిటో తెలియదన్నమాట.

మోటారు వాహనాల చట్టం 91వ సెక్షనులోని ఐదవ ఉపసెక్షను ఈ సందిగ్ధాన్ని డ్రైవరుకు వ్యతిరేకంగా తేల్చగల తలుపును ఒకటి తెరిచి ఉంచింది. డ్రైవరు పనిలో లేకపోయినా బండిలోనో బండి దగ్గరనో ఉండవలసి వచ్చిన కాలాన్ని ఏయే పరిస్థితుల్లో విశ్రాంతి విరామంగా భావించవచ్చునో నిర్ణయించే అధికారాన్ని అది రాష్ట్ర ప్రభుత్వాలకు ఇస్తున్నది. బస్సు డిపోలో రెండు ట్రిప్పుల నడుమ గడిచే కాసేపటిని దృష్టిలో పెట్టుకొని రాసిన మాట కావచ్చు. కానీ లారీల వరుసకు దీన్ని అన్వయిస్తే, ఎండలో క్యాబినులో కూర్చొని ఎప్పుడు పిలుస్తారో తెలియక గడిపిన రాత్రీ పగలూ విశ్రాంతిగా నమోదై, ఆ వెంటనే మరో 8 గంటలు నడపడానికి డ్రైవరు అర్హుడవుతాడు.

ధాన్యం సీజనులో ఒక రైసుమిల్లు ముందరి వరుసను దగ్గర నుంచి చూసినవారికి ఆ కాలం విశ్రాంతి ఎందుకు కాదో వివరించే పని ఉండదు. కొనుగోలు కేంద్రంలో బస్తాలకెత్తిన ధాన్యంతో వచ్చిన లారీ టోకెను తీసుకొని వరుస చివర నిలుస్తుంది. ముందు బండి ఒకటి కాటా ఎక్కినప్పుడల్లా వెనుక బండ్లన్నీ ఒక్కొక్క బండి పొడవు చొప్పున ముందుకు జరగాలి. ఆ జరగడం మధ్యాహ్నం మూడింటికో, అర్ధరాత్రి దాటాక రెండింటికో ముందుగా ఎవరూ చెప్పరు. జరగవలసిన క్షణంలో స్టీరింగు దగ్గర మనిషి లేకపోతే వెనుకవాడు పక్కనుంచి దూరిపోతాడు, సీరియల్ పోతుంది. క్లీనరును పెట్టుకునే స్థోమత చాలా బండ్లకు ఎప్పుడో పోయింది కనుక డ్రైవరే కునికిపాట్లు పడుతూ ముందు బండి వెనుక లైట్లను కనిపెట్టుకొని ఉంటాడు. యాసంగి ధాన్యం ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది కనుక పగటి వేళ క్యాబిను రేకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. లారీ కిందకు దూరి పట్టా పరుచుకొని పడుకుందామంటే ముందు బండ్లు ఎప్పుడు కదులుతాయోనన్న భయం. వాన మొదలైతే మరో పని పడుతుంది: తడిస్తే ధాన్యాన్ని వెనక్కి పంపుతారు, తరుగు తీస్తారు కనుక రాత్రివేళ పట్టా సరిచేసి తాళ్లు బిగించాలి. 30 టన్నుల లోడు అంటే 40 కిలోల బస్తాలు 750. బండి వంతు వచ్చేటప్పటికి హమాలీల ముఠా భోజనానికి వెళ్లినా, పొద్దుగూకినా, లోపల గోదాము నిండినా ఆ బస్తాలన్నీ మరునాటి దాకా బండి మీదనే ఉంటాయి. సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర, పత్తి కొనుగోళ్లు జోరుగా సాగే రోజుల్లో జిన్నింగు మిల్లుల దగ్గర, మిర్చి సీజనులో గుంటూరు శీతల గిడ్డంగుల దగ్గర సరుకు మారుతుంది గానీ వరుస మారదు.

ఈ నిరీక్షణ కాగితాల్లో కనిపించకపోవడానికి ఒక చిన్న ఏర్పాటు కారణం. బండి గేటు లోపలికి వచ్చిన వేళనే వాచ్‌మన్ రిజిస్టరులో ఇన్ టైం కింద రాస్తాడు. గేటు బయట రోడ్డు పక్కన అది ఎప్పటి నుంచి ఆగి ఉన్నదో రాసుకునే గడి ఏ రిజిస్టరులోనూ ఉండదు. కాబట్టి నిన్న ఉదయం వచ్చి ఇవాళ సాయంత్రం లోపలికి వెళ్లి మూడు గంటల్లో ఖాళీ అయిన బండికి, సంస్థ రికార్డుల ప్రకారం, మూడు గంటలే పట్టినట్టు. హాల్టింగ్ చార్జి, అంటే ఒప్పుకున్న సమయానికి మించి బండిని నిలిపినందుకు ఇచ్చే సొమ్ము, అడగబోయిన యజమానికి ఆ రిజిస్టరునే చూపిస్తారు. గట్టిగా అడిగినవారికి మరుసటి లోడు ఇవ్వడానికి బ్రోకరు ఆఫీసు వెనకాడుతుందన్న భయం ఉండనే ఉన్నది. చిన్న యజమాని చేతిలో హక్కు ఉన్నదా లేదా అన్నది కంటె, దాన్ని అడిగి బతికి బట్టకట్టగలడా అన్నదే అసలు ప్రశ్న.

గేటు ముందు పోగొట్టుకున్న కాలం ఎక్కడికి పోతుందంటే రోడ్డు మీదకు పోతుంది. కిరాయిని ట్రిప్పుకు మాట్లాడుకుంటారు, బత్తాను ట్రిప్పుకే కడతారు, ఫైనాన్సు వాయిదా మాత్రం నెలకు వస్తుంది. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి సుమారు 620 కిలోమీటర్లు. లోడు బండి సగటున గంటకు 40 కిలోమీటర్లు లాగుతుందనుకుంటే నడిచే సమయమే 15 గంటలు దాటుతుంది, అంటే 8 గంటల నియమాన్ని పాటిస్తే రెండు రోజుల ప్రయాణం. సరుకు వెంట ఉండవలసిన ఈ-వే బిల్లు 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతున్నది కనుక ఈ దూరానికి పన్నుల శాఖ నాలుగు రోజులు ఇస్తున్నది. చట్టం రెండు రోజులంటుంది, బిల్లు నాలుగు రోజులంటుంది, అయినా బండి ఒక రాత్రీ ఒక పూటలో చేరాలని అడిగేది ఎవరు? లోడింగు దగ్గర పోయిన రోజున్నరను తిరిగి సంపాదించుకోకపోతే నెలలో ఒక ట్రిప్పు తగ్గుతుందన్న లెక్క అడుగుతుంది. నగరాల్లోకి భారీ వాహనాలను పగటివేళ రానివ్వకపోవడం ఆ లెక్కను మరింత బిగిస్తుంది. తెల్లవారేలోపు ఊరు దాటాలి, లేదా సాయంత్రం దాకా బైపాసు పక్కన ఆగాలి. ఇలా ఆగిన బండ్లే మరో విషాదానికి కారణమవుతున్నాయి. ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొన్న కారు అన్న వార్త లేని వారం తెలుగు పత్రికల్లో అరుదు. ఆ లారీ అక్కడ ఎందుకు ఆగి ఉన్నదో ఆ వార్తల్లో సాధారణంగా ఉండదు.

నిద్రలేమి గురించి శాస్త్రం చెప్పేది ఈ లెక్క పక్కన పెట్టి చూడదగినది. ఏకధాటిగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చేతి, చూపుల పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధన తేల్చింది. భారతదేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే మద్యం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఉదయం ఆరింటికి నిద్ర లేచి, పగలంతా వరుసలో గడిపి, రాత్రి పదకొండింటికి లోడుతో బయలుదేరిన డ్రైవరు చుక్క ముట్టకుండానే ఆ గీత దాటి ఉంటాడు. అతని నిద్రను కొలిచే యంత్రం ఏ చెక్‌పోస్టులోనూ లేదు. ఆంధ్రప్రదేశ్ రహదారుల మీద పోలీసులు రాత్రివేళ లారీలను ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే కార్యక్రమం నడిపారు. మానవత్వంతో చేసిన పని కనుక దాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు, కానీ నీళ్లు నిద్రకు బదులు కావు. నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండాలనీ, రెండో డ్రైవరు కాళ్లు చాపుకొని పడుకునేంత సీటు వెనుక ఉండాలనీ ఒకప్పుడు కేంద్ర నిబంధనల్లోనే ఉండేది. ఇద్దరు డ్రైవర్ల షరతును శాఖ 2018లో తొలగించింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీని తప్పనిసరి చేయడం నిస్సందేహంగా మంచి నిర్ణయమే. కాకపోతే ఇంజను నడిస్తేనే ఏసీ నడుస్తుంది, వరుసలో ఇంజను నడిపితే డీజిలు ఎవరి జేబులోంచి పోతుందో అందరికీ తెలిసిందే.

నిలిపి ఉంచిన వాహనానికి వెల కట్టడం ఈ దేశానికి తెలియని విద్య కాదు. రైల్వే వ్యాగను ఇచ్చిన ఉచిత సమయంలో ఖాళీ కాకపోతే గంటల లెక్కన డెమరేజి, అంటే ఆలస్యపు రుసుము, పడుతుంది. ఓడ రేవులో ఒప్పుకున్న రోజులకు మించి నిలిస్తే సరుకుదారు ఓడ యజమానికి రోజుకింత అని కట్టుకోవాలి; ఓడల వ్యాపారంలో శతాబ్దాలుగా ఉన్న ఆచారమిది. ఫలితంగా బియ్యం వ్యాగను వచ్చిందంటే గోదాము అధికారి హమాలీలను రాత్రికి రాత్రి సమకూరుస్తాడు, అదే బియ్యం లారీలో వస్తే రేపు చూద్దామంటాడు. ఆ అధికారి చెడ్డవాడు కాడు. ఒక ఆలస్యానికి బిల్లు వస్తుంది, మరొకదానికి రాదు, అంతే. రోడ్డు మీద సరుకు రవాణాను నియంత్రించే 2007 నాటి చట్టం రవాణాదారు బాధ్యతలను వివరంగా చెబుతుంది. సరుకు అందుకోవలసినవారు నోటీసు అందిన 30 రోజుల దాకా తీసుకోకపోతే ఏం చేయాలో కూడా చెబుతుంది. ముప్పై రోజుల నిర్లక్ష్యానికి ఏర్పాటు ఉన్నది, ముప్పై గంటల నిర్లక్ష్యానికి లేదు.

మిల్లుల, ఫ్యాక్టరీల పక్షాన చెప్పదగిన మాటలు లేకపోలేదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే దించుకోవడానికి మిల్లరు జంకడంలో అర్థం ఉన్నది. సీజనులో పంటంతా ఒక్కసారి మీద పడుతుంది. హమాలీ పనికి మనుషులు దొరకడం ఏటికేడు కష్టమవుతున్నది. గత సీజను బియ్యం గోదాముల నుంచి కదలకపోతే కొత్త ధాన్యానికి చోటుండదు. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయితే వాటి బరువును మోస్తున్నవాడు వాటిని సరిదిద్దే శక్తి బొత్తిగా లేని డ్రైవరు. రెండో కాటా పెట్టించాలా, రాత్రి ముఠాను నియమించాలా, రోజుకు ఎన్ని బండ్లకు టోకెన్లు ఇవ్వాలా అన్న నిర్ణయాలు గేటు లోపలివారి చేతుల్లో ఉన్నాయి. ఆలస్యం వారికి ఉచితంగా దొరుకుతున్నంత కాలం ఆ నిర్ణయాలకు డబ్బు పెట్టవలసిన తొందర వారికి ఉండదు.

నడిపే గంటలను మాత్రమే పట్టుకొని గేటును వదిలేస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం చూపుతున్నది. అక్కడ సరుకు లారీ డ్రైవరు 10 గంటల విశ్రాంతి తరువాత 11 గంటలు మాత్రమే నడపాలి, అదీ పని మొదలుపెట్టిన 14 గంటలలోపు. 2017 డిసెంబరు నుంచి ఆ గంటలను బండిలోని ఎలక్ట్రానిక్ యంత్రమే నమోదు చేస్తున్నది. గోదాము దగ్గర ఆగినా 14 గంటల గడియారం మామూలుగా ఆగదు. మొదటి రెండు గంటల నిరీక్షణకు డబ్బు ఇవ్వకపోవడం అక్కడ ఆనవాయితీ. ఆ దేశ రవాణా శాఖ తనిఖీ విభాగం 2018లో ఇచ్చిన నివేదిక, లోడింగు స్థలాల దగ్గర సగటున 15 నిమిషాల ఆలస్యం పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని అంచనా వేసింది. నిక్కచ్చిగా గంటలు కొలిచే యంత్రం ఉన్న చోటనే పరిస్థితి ఇది. జపాన్ 2024 ఏప్రిల్ నుంచి లారీ డ్రైవర్ల అదనపు పనిని ఏడాదికి 960 గంటలకు పరిమితం చేసినప్పుడు, ఒక్కొక్క ట్రిప్పులో ఎదురుచూపుకూ లోడింగు పనులకూ పోతున్న సుమారు 3 గంటలను 2 గంటలలోపుకు తేవాలని సరుకు పంపేవారికి, అందుకునేవారికి లక్ష్యం పెట్టి, 2025 ఏప్రిల్ నుంచి ఆ ప్రయత్నాన్ని చట్టబద్ధమైన బాధ్యతగా చేసింది.

భారతదేశానికి అన్నిటికంటె దగ్గరి పాఠం బ్రెజిల్‌ది. సొంత బండి నడుపుకొనే చిన్న యజమానులు అధికంగా ఉన్న ఆ దేశంలో 2015 నాటి చట్టం లోడింగుకూ అన్‌లోడింగుకూ బండి చేరిన వేళ నుంచి 5 గంటల గడువు పెట్టి, అది దాటితే టన్నుకు గంటకు 1.38 రియల్ చొప్పున (రియల్ ఆ దేశపు కరెన్సీ) రవాణాదారుకు చెల్లించాలన్నది. అంతకంటె ముఖ్యంగా, బండి చేరిన సమయాన్ని ధ్రువీకరించే పత్రాన్ని సరుకుదారు తప్పనిసరిగా ఇవ్వాలనీ, ఇవ్వకపోతే జరిమానా అనీ చెప్పింది. అదే చట్టం నిరీక్షణ కాలాన్ని పని గంటల నుంచి మినహాయించింది. 2023లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ మినహాయింపును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. 15 నిమిషాల నిర్వచనాన్ని ఇంకా మోస్తున్న దేశానికి ఈ తీర్పు చదవదగినది.

శాఖ చేతిలో ఇప్పటికే ఉన్న సాధనాలతోనే పని మొదలుపెట్టవచ్చును. ఈ-వే బిల్లులో బండి నంబరు ఉన్నది, 2021 జనవరి నుంచి ఆ వ్యవస్థ ఫాస్టాగ్‌తో అనుసంధానమై ఉన్నది. చివరి టోల్‌గేటును బండి ఎన్ని గంటలకు దాటిందో పన్ను ఎగవేతను పట్టుకోవడానికి ప్రభుత్వం చూడగలుగుతున్నది. అదే బిల్లులో బండి గమ్యానికి చేరిన వేళను, ఖాళీ అయి బయటపడిన వేళను నమోదు చేసే రెండు గడులు చేర్చడానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకి కనిపించదు. చేరిన వేళను నమోదు చేసే హక్కు డ్రైవరుకు ఉండాలి, కాదని నిరూపించే బాధ్యత గేటు వారిది కావాలి. ఇప్పుడున్న పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. 2007 చట్టంలో నిర్ణీత ఉచిత సమయాన్నీ, ఆపైన టన్నుకు గంటకింత అన్న రుసుమునూ చేర్చి, అది ఎవరూ అడగకుండానే కిరాయి బిల్లులో చేరే ఏర్పాటు చేయాలి, ఎందుకంటే అడిగి తీసుకోవలసిన సొమ్ము చిన్న యజమాని చేతికి ఎన్నటికీ రాదు. అందులో డ్రైవరు వాటా ఎంతో కూడా చట్టమే చెప్పకపోతే మొత్తం యజమాని దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉన్నదని లారీ యజమానుల సంఘాలకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోక తప్పదు.

ఈ రుసుము చివరకు సరుకు ధరలో చేరి వినియోగదారు మీద పడుతుందన్న అభ్యంతరం వస్తుంది. కొంత పడవచ్చు. నిజానికి ఆ ఖర్చు ఇప్పుడూ ఉన్నది: ఏడాదిలో గణనీయమైన భాగం కదలకుండా నిలబడే బండి మీద పెట్టుబడి, దాని వడ్డీ, డ్రైవరు నిద్ర, ప్రమాదంలో పోయే ప్రాణం, అన్నీ ఎక్కడో ఒకచోట జమ అవుతూనే ఉన్నాయి. అది ఆలస్యానికి కారణమైనవారి ఖాతాలోకి వెళితే తగ్గుతుంది, సంబంధం లేనివారి ఖాతాలో ఉంటే పెరుగుతుంది. మరో అభ్యంతరం, లక్షలాది ప్రైవేటు గేట్ల మీద నిఘా సాధ్యమా అన్నది. ఒక్కసారిగా సాధ్యం కాదు. అందుకే ప్రభుత్వ ఆధీనంలోని గేట్లతోనే మొదలుపెట్టడం సబబు: భారత ఆహార సంస్థ గోదాములు, రాష్ట్రాల పౌరసరఫరాల సంస్థల నిల్వ కేంద్రాలు, ప్రభుత్వ రేవులు, ప్రభుత్వరంగ సిమెంటు, ఎరువుల, ఉక్కు కర్మాగారాలు. తన గేటు ముందు లారీలను రోజుల తరబడి నిలబెట్టిన ప్రభుత్వం ప్రైవేటు మిల్లరుకు నీతి చెబితే వినేవారుండరు.

నిద్రమత్తు పరికరాల గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. కనురెప్పలు వాలినప్పుడు గంట మోగించే యంత్రం ఆ క్షణంలో ప్రాణం కాపాడవచ్చు కనుక దాన్ని వద్దనడం తెలివితక్కువ. కానీ గంట విన్న డ్రైవరు బండిని ఎక్కడ ఆపాలి, ఆపినందుకు పోయే ట్రిప్పు సొమ్ము ఎవరిస్తారు అన్న ప్రశ్నలకు యంత్రం దగ్గర సమాధానం లేదు. ఆ సమాధానం సిద్ధం చేయకుండా 8 గంటలకు మించి నడిపాడని డ్రైవరు లైసెన్సు మీద జరిమానా రాయడం మొదలుపెడితే, ఈ దేశంలో ఇదివరకే డ్రైవరును మాత్రమే పట్టుకునే చట్టాల పట్టికలో మరొకటి చేరుతుంది.

కాబట్టి శాఖను కోరేది ఇది. 91వ సెక్షను ఐదవ ఉపసెక్షను కింద లోడింగు, అన్‌లోడింగు వరుసలో గడిచిన కాలాన్ని విశ్రాంతిగా పరిగణించరాదని రాష్ట్రాలకు వెంటనే సలహా పంపాలి. 15 నిమిషాల నిర్వచనాన్ని సవరించేందుకు కార్మిక మంత్రిత్వ శాఖతో సంప్రదింపులు ప్రారంభించాలి. వీటన్నిటికంటె ముందుగా, చట్ట సవరణ కోసం ఆగనక్కరలేని పనిగా, వచ్చే ధాన్యం సీజను మొదలయ్యేలోపు ప్రభుత్వ గోదాముల దగ్గర లారీ వరుసలోకి చేరిన తేదీనీ వేళనూ రాసిన రసీదును డ్రైవరు చేతికి ఇప్పించే ఉత్తర్వును ఆహార శాఖతో కలిసి వెలువరించాలి.